ఖండం చుట్టొస్తేనే కళ్లు తెరుచుకుంటాయా?

చే గువేరా బొమ్మ మన హాస్టల్ గోడల మీద ఉంది. చొక్కాల మీద ఉంది. మోటార్‌సైకిల్ పెట్రోలు ట్యాంకుల మీదా ఉంది. 2004లో 'మోటార్‌సైకిల్ డైరీస్' సినిమా వచ్చాక దీనికి ఒక సిద్ధాంతం కూడా తోడయ్యింది. కుర్రవాడు ఇల్లు విడిచి రోడ్డెక్కాలట, నాలుగు దేశాలు తిరగాలట, అప్పుడు గానీ సమాజం బోధపడదట! అయ్యలారా, ఇక్కడే మాకు పేచీ ఉంది. మా పేచీ చే తో కాదు, ఆయన పేరు చెప్పి మీరు గొప్ప చేస్తున్న ఆ రోడ్డుతో.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. 1952 జనవరిలో ఇద్దరు అర్జెంటీనా కుర్రాళ్లు బ్యూనస్ ఎయిర్స్ నుంచి బయల్దేరారు. ఎర్నెస్టో గువేరాకు 23 ఏళ్లు, డాక్టరీ చదువు ఇంకా పూర్తి కాలేదు. ఆల్బెర్టో గ్రనాడోకు 29 ఏళ్లు, బయోకెమిస్టు. బండి 500 సీసీ నార్టన్. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'బలశాలి'. ఆ బలశాలి చిలీలోనే చచ్చి ఊరుకుంది! మిగిలిన దారంతా నడక, లారీలు, పడవలు. చిలీ, పెరూ, కొలంబియా దాటి జూలైలో వెనెజువెలా చేరారు. అంటే మోటార్‌సైకిల్ యాత్రలో ఎక్కువ భాగం మోటార్‌సైకిల్ లేకుండానే నడిచింది. బండి ఉన్నన్నాళ్లు వాళ్లు చూసింది ఎక్కువగా కొండలూ సరస్సులూ. బండి పోయి, జనం మధ్య కూలబడ్డాకే అసలు చదువు మొదలైంది.

ఆ చదువు చెప్పిన పంతుళ్లు ఎవరు?

ఒకరు చిలీ ఎడారిలో రాత్రిపూట కలిసిన గని కూలి, ఆయన భార్య. చలికి వణుకుతున్నారు, కప్పుకోను దుప్పటి లేదు. వీళ్ల దగ్గరున్న రెంటిలో ఒకటి ఇచ్చారు. ఆ కూలి కమ్యూనిస్టు. 1948లో చిలీ ప్రభుత్వం ఆ పార్టీని నిషేధించింది. మూడు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. పిల్లల్ని పొరుగింట్లో వదిలి, గంధకం గనికి పని వెతుక్కుంటూ పోతున్నాడు. ఎందుకు అక్కడికే? అక్కడ పని అంత ఘోరం గనుక ఎవడూ నీ రాజకీయమేందని అడగడు. ఆ పక్కనే చుకికమాటా రాగి గని, యజమాని అమెరికా కంపెనీ. పెట్టుబడి అంటే ఏంటో ఆ రాత్రి ఆ దంపతులు చెప్పినంత ఏ పుస్తకం చెప్పలేదు.

రెండో పంతులు నిజంగానే బడిపంతులు. పెరూలో లారీ మీద కలిశాడు. ఆదివాసీ నెత్తురున్నవాడు, రాజకీయం వల్ల ఉద్యోగం పోయినవాడు. మా పిల్లలకు తెల్లోడి కొలతలతో చదువు చెప్తారు, ఆ చదువు మాకు మా మీదే సిగ్గు పుట్టిస్తుంది అని ఆయన గోడు. ఈ మాట మనకు కొత్తగా ఉందా? మన బడుల్లో మన పిల్లలకు జరిగేది ఇది కాదా?

మూడో పంతుళ్లు అమెజాన్ ఒడ్డున శాన్ పాబ్లో కుష్ఠు ఆశ్రమం రోగులు. జూన్‌లో రెండు వారాలు వీళ్లు అక్కడున్నారు. చేతికి తొడుగు లేకుండా చెయ్యి కలిపారు, పక్కన కూచున్నారు, బంతాట ఆడారు. వెళ్లేనాడు రోగులు పడవెక్కి వచ్చి పాటలతో సాగనంపారు. వేళ్లు ఊడిపోయినవాడు చేతికి పుల్లలు కట్టుకుని అకార్డియన్ వాయించాడు. ముట్టుకోవడమంటే ఏమిటో, ముట్టుకోకపోవడమంటే ఏమిటో తెలిసిన మేం ఈ ఒక్క సంగతికి చే కి చెయ్యెత్తి మొక్కుతాం.

మరి వీళ్ల పేర్లేవి? గని కూలి పేరు మీలో ఎవరికైనా తెలుసా? బండి పేరు తెలుసు, కంపెనీ పేరు తెలుసు, సినిమా హీరో పేరు తెలుసు. కళ్లు తెరిపించినవాళ్ల పేర్లు మాత్రం లేవు. రోడ్డు ఎవరికీ ఏమీ నేర్పదు. నేర్పింది మనుషులు. మీరు రోడ్డుకు దండేసి మనుషుల్ని మర్చిపోయారు!

ఇంకో సంగతి. రోడ్డు అందరికీ ఒకటి కాదు. వీళ్లిద్దరూ ఆకలితో పడుకున్న రాత్రులున్నాయి, చే కి ఉబ్బసం, మేం కాదనడం లేదు. కానీ తెల్లచర్మం, చదువు తోడున్నాయి. చిలీ పేపరు వీళ్లను కుష్ఠు నిపుణులని రాసింది. పెరూలో పోలీసు ఠాణాల్లో తిండీ పడకా దొరికాయి. అదే పెరూలో ఆదివాసీలకు వేరే రైలు పెట్టె. అర్జెంటీనాలో పశువుల్ని తోలే పెట్టెలాంటిదని చే నే రాసుకున్నాడు. ఇతనికి సాహసమైన ప్రయాణం ఆ పెట్టెలో వాళ్లకు రోజువారీ బతుకు.

ఇక్కడే మాకు 1901 గుర్తొస్తుంది. తొమ్మిదేళ్ల అంబేద్కర్ అన్నతో, అక్క పిల్లలతో తండ్రి దగ్గరికి రైలెక్కి పోయాడు. స్టేషన్లో దిగాక మహర్లని తెలిసి బండివాడు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయిస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను నడుస్తాడు. తిండి ఉంది, తాగను నీళ్లు ఇచ్చినవాడు లేడు. బాబాసాహెబ్ కళ్లు తెరవడానికి ఖండం అక్కర్లేకపోయింది. ఒక్క రాత్రి ఎడ్లబండి చాలింది. అణగారినవాడికి చైతన్యం ప్రయాణం చేస్తే రాదు, గడప దాటగానే అదే వచ్చి మీద పడుతుంది.

చే ను దేవుణ్ణి చేసేవాళ్లకు మరో మాట. అదే డైరీలో కారకాస్ నల్లవాళ్ల శుభ్రత మీద, సోమరితనం మీద ఆయన రాసిన రాతలు చదవండి. అచ్చం మన గురించి ఊరి పెద్దలు మాట్లాడే మాటలే. ఏడు నెలలు తిరిగినా ఆ మురికి పోలేదు. పోవడానికి ఏళ్లు పట్టింది. 1964లో ఐక్యరాజ్యసమితిలో నల్లవాళ్ల పక్షాన నిలబడి మాట్లాడాడు. 1965లో కాంగో వెళ్లి వాళ్లతో కలిసి తుపాకీ పట్టాడు. యాత్ర ఒకటి మనిషిని మార్చేస్తుందనే కథ అబద్ధమని ఆయన జీవితమే చెప్తోంది.

చివరికి బొలీవియా. ఆయన దళం క్వెచువా నేర్చుకుంది, తీరా ఆ అడవిలో జనం మాట్లాడేది గ్వారానీ! రైతులు దళంలో చేరలేదు. 1967 అక్టోబర్ 9న లా హిగేరా ఊరి బడిలో కాల్చి చంపారు. ఆ త్యాగానికి మేం తల వంచుతాం. కానీ జనం ఎందుకు కదల్లేదో అడగకుండా తల వంచం. అదే బొలీవియాలో ఆదివాసీలు తమ సంఘాలు తాము కట్టుకున్నారు, తమ మనిషిని తాము నిలబెట్టుకున్నారు. 2006 జనవరిలో ఐమరా బిడ్డ ఎవో మొరాలెస్ అధ్యక్షుడయ్యాడు. బయటి నుంచి వచ్చి విముక్తి చేస్తామనేవాళ్లకు ఇందులో పాఠం లేదా?

కాబట్టి బైకులేసుకుని లడఖ్ పోయే తమ్ముళ్లారా, పోండి, వద్దనం. కానీ దారిలో మీకు నీళ్లిచ్చినవాడి పేరు అడగండి. వాడి భాష నేర్చుకోండి. వాడు చెప్పింది రాసుకోండి, వాడి పేరుతోనే రాయండి. తిరిగొచ్చాక మీ ఊళ్లో మీరు పుట్టినప్పటి నుంచి తొక్కని వాడ ఒకటుంటుంది, మీ ఇంటికి అర కిలోమీటరు కూడా ఉండదు. అక్కడికి పోండి. బోధించడానికి కాదు, వినడానికి. నాయకత్వం మాత్రం మా దగ్గరే ఉంటుంది.