రోము పీఠం: అధికారం – ఔన్నత్యం

ఒక సంస్థకు బలం ఎక్కడి నుండి లభిస్తుంది? ఖడ్గం నుండా, ధనాగారం నుండా, లేక ప్రజల హృదయాలలోని విశ్వాసం నుండా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకగోరువారికి రోమన్ కాథలిక్ పోపుల చరిత్రను మించిన పాఠ్యగ్రంథం లేదు.

2025 మే 8న రోములోని ఒక ప్రార్థనాలయపు పొగగొట్టం నుండి తెల్లని పొగ వెలువడగానే ప్రపంచమంతా అటు తిరిగి చూసింది. 133 మంది కార్డినళ్లు కూడి పద్నాలుగవ లియోను పోపుగా ఎన్నుకున్నారు. వారిలో మన హైదరాబాదు ఆర్చిబిషప్, తెలుగువారైన కార్డినల్ పూల ఆంథోనీ కూడ ఒకరు. ఆ పోపు ఏలే రాజ్యం వైశాల్యం 44 హెక్టార్లు మాత్రమే. మన పల్లెలలో ఒక మోస్తరు చెరువు ఆయకట్టు అంతకంటె పెద్దది. అయినా ఆయన మాటను కోట్లాది ప్రజలు శిరసావహిస్తారు. ఈ వింతకు మూలమేమిటో విచారించడం మన విధి.

రోము బిషప్ తొలుత ఒక నిరుపేద సమాజానికి పెద్ద మాత్రమే. ఏసు శిష్యుడైన పేతురుకు తాను వారసుడననే సంప్రదాయమే ఆయన ఆస్తి. 330లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి తన రాజధానిని కాన్‌స్టాంటినోపుల్‌కు మార్చిన పిమ్మట రోములో పెద్దదిక్కు కరవయింది. 452లో హూణుల నాయకుడు అటిల్లా ఇటలీపై విరుచుకుపడినప్పుడు, రాయబారులతో కలిసి అతనికి ఎదురేగి సంధి మాటలాడినవాడు మొదటి లియో పోపు. 590లో పోపు అయిన మొదటి గ్రెగరీ, మహమ్మారితోను ఆకలితోను అలమటిస్తున్న రోము ప్రజలకు చర్చి భూములలో పండిన ధాన్యాన్ని పంచిపెట్టాడు. తనను తాను 'దేవుని సేవకుల సేవకుడు' అని చెప్పుకున్నాడు. ఆనాటి పోపులకు కిరీటం లేదు; కాని ప్రజలకు వారు అవసరమయ్యారు. అసలైన అధికారం అక్కడ పుట్టింది.

తరువాత భూమి వచ్చింది. 756లో ఫ్రాంకుల రాజు పెపిన్ మధ్య ఇటలీలో తాను జయించిన ప్రాంతాలను పోపుకు ధారపోశాడు. సేవకుల సేవకుడు రాజ్యపాలకుడైనాడు. రాజ్యం వచ్చిన తరువాత దానికి పట్టా కావాలి గదా! ఆ ఎనిమిదవ శతాబ్దిలోనే ఎవరో 'కాన్‌స్టంటైన్ దానపత్రం' అనే దస్తావేజును సృష్టించారు. రోమును, ఇటలీని, పశ్చిమ దేశాలనన్నిటిని ఆ చక్రవర్తి సిల్వెస్టర్ పోపుకు దానం చేశాడని దాని సారాంశం. మన తామ్రశాసనాలలో కూటశాసనాలు ఉన్నట్లే అదీ ఒక కూటశాసనం. అయినా శతాబ్దాల తరబడి యూరపు దానిని నమ్మింది.

ఇక అధికారం మేరలు దాటింది. చక్రవర్తులను తొలగించే హక్కు పోపుకు ఉన్నదని ఏడవ గ్రెగరీ 1075లో ప్రకటించాడు. వెలివేయబడిన నాలుగవ హెన్రీ 1077 జనవరిలో కనోసా కోట వాకిట మంచులో మూడు దినాలు క్షమాభిక్షకై నిలిచాడు. కాని ఆ హెన్రీయే 1084లో రోమును పట్టుకున్నాడు. మరుసటి సంవత్సరం గ్రెగరీ పరవాసంలో మరణించాడు. 1213లో ఇంగ్లండు రాజు జాన్ తన రాజ్యాన్నే మూడవ ఇన్నోసెంట్ పోపుకు సమర్పించి, ఏటా వెయ్యి మార్కుల కప్పం కట్టే సామంతుడైనాడు. అంతకుముందే, 1095లో రెండవ అర్బన్ పోపు పిలుపుతో బయలుదేరిన సేనలు 1099లో జెరూసలేమును రక్తసిక్తం చేశాయి. 1204లో మరొక దండయాత్ర, పోపు వారించినా వినక, క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టింది. ఒరనుండి తీసిన కత్తి తీసినవాని మాట వినదని చరిత్ర నిరూపించింది.

పతనం ఎంతో దూరంలో లేదు. 1309 నుండి 1377 వరకు పోపులు రోమును విడిచి, ఫ్రెంచి రాజుల నీడలో అవిన్యాన్‌లో కాలం గడిపారు. ఆపైన పోపుననే వారు ఇద్దరు, చివరికి ముగ్గురు ఏకకాలంలో పుట్టుకొచ్చి ఒకరినొకరు వెలివేసుకున్నారు. భూమి లేకుంటే పోపులు రాజుల చేతి కీలుబొమ్మలయ్యేవారని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఆ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. కాని భూమి ఉండీ అవిన్యాన్‌లో వారు కీలుబొమ్మలు కాలేదా?

ఈ కథలో నాకు ప్రియతముడు పోపూ కాడు, చక్రవర్తీ కాడు. లోరెంజో వల్లా అనే భాషాపండితుడు. అతడు 1440లో ఆ దానపత్రాన్ని అక్షరమక్షరం పరీక్షించాడు. నాల్గవ శతాబ్దపు రోములో 'సత్రపులు' ఎక్కడివి? ఇంకా వెలయని కాన్‌స్టాంటినోపుల్ మతపీఠం ఆ పత్రంలోకి ఎట్లా వచ్చింది? ఆ లాటిను ఏ కాలపు లాటిను? ఇటువంటి ప్రశ్నలతోనే అతడు పత్రం బూటకమని తేల్చాడు. సైన్యాలు చేయలేని పనిని వ్యాకరణం చేసింది. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉన్నది. 1448లో అయిదవ నికొలస్ పోపు ఆ వల్లానే తన కొలువులో చేర్చుకున్నాడు. తన పునాదిరాతిని పెకలించిన పండితునికి ఆశ్రయమిచ్చిన ఔదార్యం పొగడదగినది.

కాని ఆ నికొలస్ పోపే 1455లో మరొక పత్రం జారీచేసి, అన్యమతస్థుల భూములను ఆక్రమించడానికి, వారిని బానిసలుగా చేయడానికి పోర్చుగల్ రాజుకు అనుమతినిచ్చాడు. 1498లో కాలికట్ తీరానికి వచ్చిన నావలు ఆ రాజ్యానివే. అటువంటి పత్రాలపై ఆధారపడిన సిద్ధాంతాన్ని వాటికన్ 2023లో త్రోసిపుచ్చింది. 568 సంవత్సరాలు ఆలస్యమైనా, ఆ మాట విలువైనదే.

1870 సెప్టెంబరులో ఇటలీ సైన్యం రోమును స్వాధీనం చేసుకున్నది. పదకొండు శతాబ్దాల రాజ్యం అంతరించింది. దానికి రెండు నెలల ముందే, విశ్వాస నైతిక విషయాలలో పోపు పీఠం నుండి చేసే నిర్ణయం దోషరహితమని ధర్మసభ ప్రకటించింది. భూమి పోయినా చర్చి లోపల పోపు పట్టు మరింత బిగిసింది. 1929 ఒప్పందంతో వాటికన్ మిగిలింది. రాజ్యభారం తొలగిన తరువాతనే పోపు మాటకు ఇతర మతస్థులు సైతం చెవియొగ్గసాగారు. 1965లో రెండవ వాటికన్ సభ ముస్లింల పట్ల గౌరవాన్ని ప్రకటించింది. 2019లో అబూధాబీలో పోపు ఫ్రాన్సిస్, అల్ అజ్‌హర్ పెద్ద ఇమాము మానవ సౌభ్రాత్ర పత్రంపై సంతకాలు చేశారు. మరొకవైపు, పసిపిల్లలపై కొందరు మతాచార్యులు చేసిన అత్యాచారాలను కప్పిపుచ్చడం వలన ఇటీవలి దశాబ్దాలలో ఆ పీఠానికి కలిగిన అపకీర్తిని ఏ శత్రుసేనా కలిగించలేదు.

కనుక నా అభిప్రాయం ఇది: అధికారం వేరు, ఔన్నత్యం వేరు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినప్పుడు, చేసిన తప్పును ఒప్పుకున్నప్పుడు పోపు పీఠం ఎదిగింది. దొంగపత్రాన్ని ఆశ్రయించినప్పుడు, ఖడ్గాన్ని నమ్ముకున్నప్పుడు, సత్యాన్ని దాచినప్పుడు క్రుంగింది. ఈ సూత్రం రోముకు మాత్రమే పరిమితం కాదు. మసీదుకు, మఠానికి, ప్రభుత్వానికి, చివరకు మన కళాశాల వంటి చిన్న సంస్థకు కూడ ఇది వర్తిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీ ముందుకు వచ్చే ప్రతి పత్రాన్ని, అది ఎంత పూజ్యమైనవారి పేరుతో వచ్చినా, వల్లా వలె పరీక్షించండి. సంస్థలను నడిపే పెద్దలకు నా వినయపూర్వకమైన మనవి ఒక్కటే. మన మధ్య వల్లా వంటివాడు పుడితే వాకిట నిలబెట్టవద్దు. లోపలికి పిలిచి ఆసనమివ్వండి.