పప్పు లేని పథ్యం

పెరట్లో జారిపడి మా అమ్మ తుంటి ఎముక విరగగొట్టుకుంది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. చూడవచ్చిన ప్రతివారూ ఒక సీసా పేరు చెప్పి వెళ్ళారు. నల్లేరును సంస్కృతంలో అస్థిసంహారమంటారు. సంహారమంటే ఇక్కడ చంపటం కాదండోయ్, చేర్చటం! తెలుగు మేష్టర్ని కదా, మాటకు పడిపోయి ఆ మాత్రలూ తెచ్చాను.

ఇన్ని మింగుతున్నా కంచంలో మాత్రం చారన్నమే. పప్పు తింటే కుట్లు చీము పడతాయట!

"సున్నం తెచ్చారు సరే, ఇటుకలేవండీ?" అన్నారు డాక్టరుగారు. ఎముకకు చట్రం మాంసకృత్తులే. కాల్షియం వచ్చి చేరేది ఆ చట్రంలోనే. రక్తపరీక్షలో తక్కువుందని డి విటమినూ, దానితో కాల్షియమూ ఉండనిచ్చారు. ఐరన్ మాత్రతో కలిపి కాల్షియం వేస్తున్నందుకు చీవాట్లు పెట్టారు. అలా వేస్తే ఐరన్ సరిగా ఒంటబట్టదట. నల్లేరు సీసా తీయించారు.

ఆ పూటే కందిపప్పు ఉడికింది. అమ్మ రెండు ముద్దలు తిని, "రేపు చీము పడితే పూచీ నీదే" అంది.