నలభై దాటాక న్యాయశాస్త్రం

ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఖబరస్తాన్ భూమి తగాదా కోర్టుకెక్కి చాలా ఏళ్లయింది. నిరుడు ఆ మసీదు కమిటీ పెద్దలు మమ్మల్ని కూడా కూర్చోబెట్టుకొని, ఉన్న కాగితాలన్నీ చాప మీద పరిచారు. నిజాం కాలపు ముంతఖబ్ ఒకటి, సేత్వార్ నకలు ఒకటి, చేతిరాతతో ఉన్న ఉర్దూ అర్జీలు నాలుగైదు. కేసు వాదిస్తున్న వకీలు సాబ్ సమర్థుడే, నిజాయితీపరుడే. కానీ ఆయనకు ఉర్దూ చదవడం రాదు. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఆ షికస్తా రాతను తడుముకోకుండా చదివి, ఏ సర్వే నంబరుకు ఏది సరిహద్దో వివరించినవాడు ఆ ఊరి ఉర్దూ మీడియం ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు. నలభై మూడేళ్ల మనిషి. ఆయన చదవగలడు, కోర్టులో నిలబడి మాట్లాడలేడు. మాట్లాడగలిగిన వకీలు చదవలేడు. కేసు ఆ ఇద్దరి మధ్య ఇరుక్కుపోయి ఉంది.

చాయ్ తాగుతుండగా ఆ ఉపాధ్యాయుడు మెల్లగా అన్నాడు, తానే లా చదవాలనుకుంటున్నానని. అందరూ నవ్వారు. "మాస్టర్ సాబ్, ఇప్పుడు చదవాల్సింది మీరు కాదు, మీ బిడ్డ" అన్నారు ఒక పెద్దాయన. అందులో ఎగతాళి లేదు, అభిమానమే ఉంది. ఆ నవ్వులో మేమూ కలిశాం. ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం.

మన సమాజంలో చదువు గురించి ఎవరు మాట్లాడినా పిల్లల గురించే మాట్లాడతారు. మా పత్రిక కూడా అంతే. పదవ తరగతి తరువాత ఏమిటి, ఇంటర్ తరువాత ఏమిటి అని ఏటా రాస్తూనే ఉన్నాం. ముప్పై అయిదేళ్లు దాటినవారు ఏమి చదవవచ్చో ఒక్కసారీ రాయలేదు. సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చింది. ముస్లింల చదువుల దుస్థితిని ఆ నివేదిక దేశం ముందు పెట్టినప్పుడు పాతికేళ్ల వయసున్నవారికి ఇప్పుడు నలభై అయిదు సమీపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం 2007లో వచ్చేసరికి వారిలో చాలామంది కాలేజీ గడప దిగిపోయారు. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో మొదలయ్యేసరికి వారి పిల్లలు బడికి వెళ్తున్నారు. నివేదిక ఎవరి గురించి రాశారో ఆ తరానికి దానివల్ల కలిగిన మేలు చాలా తక్కువ. దొరికిన ఉద్యోగంలో చేరారు, దొరికిన కోర్సు చదివారు. ఇప్పుడు వారిలో ఒకరు తాను నిజంగా చదవాలనుకున్నది వేరే ఉందని అంటే మనం నవ్వుతున్నాం.

చట్టం మాత్రం నవ్వడం లేదు. మూడేళ్ల ఎల్.ఎల్.బి.కి ముప్పై ఏళ్ల గరిష్ఠ వయసు విధించాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన ప్రయత్నాన్ని 2017లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. నేడు లాసెట్ రాయడానికి వయోపరిమితి లేదు. డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, వెనుకబడిన తరగతులకు 42 శాతం మార్కులుంటే చాలు. 90 నిమిషాల పరీక్ష, 120 ప్రశ్నలు. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల బలంతో కొనసాగుతున్న బి.సి.-ఇ రిజర్వేషన్ నలభై ఏళ్ల అభ్యర్థికి కూడా వర్తిస్తుంది. ఈ సంగతి తెలిసినవారు మాకు ఎక్కువగా తారసపడలేదు. నలభై అయిదేళ్లు నిండినవారిని న్యాయవాదులుగా నమోదు చేసుకోరాదన్న పాత నియమాన్ని కూడా సుప్రీంకోర్టు కొట్టివేసింది. నమోదు రుసుము 750 రూపాయలకు మించకూడదని 2024 జులైలో తీర్పు ఇచ్చింది. అంటే వయసు తలుపు తెరిచే ఉంది, చివరి మెట్టు మీది రుసుము కూడా తగ్గింది.

మరి అడ్డు ఎక్కడుంది? హాజరులో ఉంది. లా దూరవిద్యలో చదివే చదువు కాదు. రెసిడెన్షియల్ కాని కళాశాలలు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే తరగతులు నడపాలి. వారానికి ముప్పై గంటల బోధన ఉండాలి. విద్యార్థికి 70 శాతం హాజరు ఉండాలి. పగలంతా బడిలో పాఠం చెప్పే మనిషి అదే పగలు మరొక ఊరి కళాశాలలో పాఠం వినలేడు కదా.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఇలాగే ఒక బ్యాంకు ఉద్యోగి సలహా అడిగితే, "హాజరు పట్టించుకోని కళాశాలలు ఉన్నాయి, పరీక్షలకు వెళ్తే చాలు" అని చెప్పినవారిలో మేమూ ఉన్నాం. అలాంటి ఒక కళాశాలలో ఆయన చేరాడు. డిగ్రీ చేతికొచ్చింది, చట్టం రాలేదు. ఒక సివిల్ దావాలో రాతపూర్వక జవాబు ఎలా తయారు చేయాలో తెలియక, మళ్లీ ఎవరో సీనియర్ దగ్గర అక్షరాభ్యాసం మొదలుపెట్టాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. చదువుతున్న కాలంలో ఉద్యోగం చేస్తున్నారో లేదో విద్యార్థి ప్రకటించాలని, చేస్తుంటే నిరభ్యంతర పత్రం చూపాలని, హాజరును బయోమెట్రిక్ పద్ధతిలో నమోదు చేయాలని అందులో ఉంది. కనుక మేము ఆనాడు చెప్పిన దొడ్డిదారి తప్పు మాత్రమే కాదు, ఇప్పుడు ప్రమాదం కూడా. మన వర్గం నుంచి వచ్చిన వకీలు కోర్టులో తడబడితే ఆ నష్టం అతనొక్కడిది కాదు, కక్షిదారుది కూడా.

ఆ ఉపాధ్యాయుడు నిజాయితీగా చదవాలంటే మూడేళ్లు జీతం లేని సెలవు పెట్టాలి. అదీ శాఖ ముందుగా అనుమతిస్తేనే. తరువాత ప్రాక్టీసు పెట్టాలంటే ఉద్యోగానికి రాజీనామా చేయాలి, ఎందుకంటే పూర్తికాలం జీతం తీసుకునేవారు న్యాయవాదిగా పనిచేయకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. 2004 సెప్టెంబరు తరువాత చేరినవాడు కాబట్టి పాత పింఛను ఆశ కూడా లేదు. కన్వీనర్ కోటాలో కళాశాల రుసుము ఎంతో ఆయన లెక్క వేసుకున్నాడు, అది భరించగలడు. ఆయనను ఆపుతున్నది మూడేళ్ల జీతం. ఇంటి అద్దె, తల్లి మందులు, ఇద్దరు పిల్లల బడి. వీటి కోసం ఏ స్కాలర్‌షిప్పూ లేదు. ప్రభుత్వాల పథకాలన్నీ, దాతలు ఇచ్చే సాయాలన్నీ విద్యార్థి అంటే తండ్రి పోషణలో ఉన్న కుర్రవాడనే అనుకుంటాయి. ఆ విద్యార్థే తండ్రి అయితే ఏమిటన్నది ఎవరికీ తట్టదు.

డాక్టర్ అంబేడ్కర్ 1918లో ముంబయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. 1920లో ఆ ఉద్యోగం వదిలి, ఆగిపోయిన చదువు కోసం మళ్లీ లండన్ వెళ్లారు. అర్థశాస్త్రంతో పాటు బారిస్టరు చదువూ పూర్తి చేసుకొని వచ్చారు. ఆ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు ఆయన పట్టుదలనే చెబుతాం. కొల్హాపూర్ షాహూ మహారాజ్ చేసిన సాయాన్నీ, మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పునూ, ఇక్కడ లేమిలో ఇల్లు నడిపిన రమాబాయినీ మరచిపోతాం. పట్టుదలకు మన దగ్గర కరువు లేదు. షాహూ మహారాజులే కరువు.

ఆయన పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే వీలు కల్పించింది. చిన్నప్పుడే మెకానిక్ షెడ్డుకో టైలర్ దుకాణానికో వెళ్లి, పెళ్లయ్యాక ఆ దారిలో పట్టభద్రులైనవారు మన బస్తీల్లో ఉన్నారు. వారికి లా తలుపు మూసి ఉంది. ఇంటర్ లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ తెచ్చుకున్నవారు లా ప్రవేశానికి అర్హులు కారని బార్ కౌన్సిల్ 2008 నియమాలు చెబుతున్నాయి. ఒక చేత్తో ఇచ్చిన రెండో అవకాశాన్ని మరో చేత్తో తీసుకోవడం ఇది. ఆ డిగ్రీతో ఇంకెన్నో చోట్లకు వెళ్లవచ్చునట, కోర్టు మెట్లు మాత్రం ఎక్కకూడదట. మైనారిటీ సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో ఈ మాట మాకు ఇంతవరకు కనిపించలేదు. నిజానికి మొదట అడగాల్సిన వాటిలో ఇదొకటి.

స్త్రీల సంగతి ఇంకా కష్టం. ప్రైవేటు బడుల్లో పదిహేనేళ్లు పాఠాలు చెప్పిన మన ఆడబిడ్డలు కుటుంబ న్యాయస్థానం వరండాల్లో నిలబడిన స్త్రీలకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. మెహర్ అంటే ఏమిటో, ఖులా అంటే ఏమిటో ప్రతి వకీలుకూ మొదటి నుంచీ విప్పి చెప్పుకోవడం ఆ స్త్రీలకు రెండో అవమానం. అలాంటి ఒక టీచరమ్మ మాతో అన్నారు, తన భర్త ఒప్పుకున్నాడని, అత్తగారు కూడా ఒప్పుకున్నారని, మధ్యాహ్నం బడి నుంచి వచ్చే పిల్లవాడికి తలుపు తీసేవారే లేరని. ఈ చిన్న విషయానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంత కష్టం ఎందుకు, కుర్రవాళ్లనే లా చదివించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. చదివించాలి, సందేహం లేదు. కానీ ఇరవై మూడేళ్ల కొత్త వకీలుకు షికస్తా చదవడం ఎవరు నేర్పుతారు? రెవెన్యూ కార్యాలయంలో ఏ ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో ఎవరు చెబుతారు? పదిహేడేళ్లు ఒక రంగంలో పనిచేసి మరో రంగానికి వచ్చినవాడు రెండు విద్యలతో వస్తాడు. వక్ఫ్ సవరణ చట్టం 2025 వచ్చాక ఈ అవసరం మరింత పెరిగింది. వాడుక ద్వారా వక్ఫ్ అనే ఆధారాన్ని ఆ చట్టం ఇకమీదటికి తొలగించింది. ఆస్తుల వివరాలను కేంద్ర పోర్టల్‌లో నమోదు చేయాలంది. తాతల నాటి వాడుక కంటే కాగితానికే విలువ ఎక్కువైన కాలంలో, ఆ కాగితాన్ని చదవగలిగి దాని మీద వాదించగలిగిన మనిషి జిల్లాకు ఒక్కరున్నా గొప్పే.

అందరూ ఉద్యోగాలు మానుకోవాలని మేము అనడం లేదు. విసుగు పుట్టి రంగం మారాలనుకునేవారు ఒక ఏడాది ఆగి ఆలోచించుకోవడం మంచిది. ఆడపిల్ల పెళ్లి ముందర పెట్టుకొని జీతం వదులుకోమని ఏ తండ్రికీ చెప్పలేం. మా మాట జమాత్‌లకు, ట్రస్టులకు, మైనారిటీ ఆర్థిక సంస్థలకు. ఏటా వందమంది పిల్లలకు నోటు పుస్తకాలు పంచుతున్నారు, సంతోషం. జిల్లాకు ఒక్కరిని ఎంపిక చేసి, మూడేళ్లు వారి ఇంటి ఖర్చులో సగమైనా భరించండి. ప్రతిఫలంగా ఆ వ్యక్తి కొన్నేళ్లు మసీదు, ఖబరస్తాన్ కేసులు ఫీజు లేకుండా చూస్తానని రాసిస్తాడు. ఇది దానం కాదు, ఒప్పందం. ఇప్పుడు వకీళ్ల ఫీజులకు, వాయిదాల ప్రయాణాలకు కమిటీలు పెడుతున్న డబ్బును పక్కన పెట్టి చూస్తే లెక్క ఎటు మొగ్గుతుందో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

పాలమూరు కమిటీ ముందు ఈ ప్రతిపాదన పెట్టాం. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఆలోచించి చెబుతామన్నారు. మసీదు ముందు కమాను కట్టడానికి చందాలు వసూలవుతున్నాయి, అది పూర్తయ్యాక చూద్దామన్నారు. ఉపాధ్యాయుడు మాత్రం లాసెట్ దరఖాస్తుకు డబ్బు తానే కట్టుకున్నాడు. రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక ఆ ఉర్దూ అర్జీలను తెలుగులోకి రాసి వకీలు సాబ్‌కు పంపిస్తున్నాడు. ఏడు కాగితాల్లో నాలుగు పూర్తయ్యాయి.