ఏ రోజున ఏడవాలి?

"అదంతా ఈమధ్య పుట్టించిందేగా!" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్నొక పుస్తక చర్చలో యూదుల కొత్త ఆచారాల ప్రస్తావన వచ్చింది. పస్కా విందు పళ్ళెంలో నారింజపండు పెట్టడం, మిర్యాము పేరున నీళ్ళ గిన్నె పెట్టడం, ఇలాంటివి. ఒక మిత్రుడు హాబ్స్‌బామ్ పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు. 1983లో వచ్చిన ఆ సంకలనాన్ని చదివినవాళ్ళకంటే దాని పేరు వాడుకునేవాళ్ళే ఎక్కువ. ఎవరూ పుట్టించని ఆచారం ఒక్కటి చూపించు అందామనుకున్నాను. ఈలోపు టీ వచ్చింది.

పుట్టించారా లేదా అన్నది నాకు పెద్ద విషయంగా తోచదు. ఏ రోజున పెట్టారు, ఎవరికోసం పెట్టారు అన్నది మాత్రం గొడవ పడాల్సిన విషయమే.

హోలోకాస్ట్ స్మారక దినం, యోమ్ హషోవా, తీసుకోండి. ఇజ్రాయెల్ పార్లమెంటు 1951లో దానికి నీసాను నెల 27వ తేదీని ఖాయం చేసింది. 1959లో చట్టం చేసింది. 27 ఎందుకు? మొదట కొందరు అడిగింది 14. వార్సా ఘెట్టో తిరుగుబాటు 1943 ఏప్రిల్ 19న మొదలైంది, ఆ రోజు నీసాను 14. కానీ అది పస్కా ముందురోజు. ఇల్లంతా దులిపి, పులిసిన పిండి ఆనవాలు లేకుండా చేసుకుని, రాత్రి విందుకి సిద్ధమయ్యే వేళ. అప్పుడు ఏడవమంటే ఎవరు ఏడుస్తారు? సరే, పండగ వెళ్ళాక పెడదామన్నారు. అయితే నీసాను నెలంతా సంతాప ప్రసంగాలు చెయ్యకూడదని పాత సంప్రదాయం. ఛాందసులకి కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆ రోజు ఉదయం పదింటికి సైరన్ మోగగానే దేశం రెండు నిమిషాలు నిలబడిపోతుంది. హైవే మీద కార్లు ఆపి, దిగి మరీ నిలబడతారు. ఛాందసుల పేటల్లో చాలామంది తమ దారిన తాము నడిచిపోతుంటారు. పోయినవాళ్ళంటే వాళ్ళకి లెక్కలేదని కాదు. ఆ తేదీ మాది కాదు అంటారు, అంతే.

నా పేచీ వేరు. 27 ప్రభుత్వానికి నచ్చిన తేదీ. అటు తిరుగుబాటుకి దగ్గర, ఇటు స్వాతంత్ర్య దినానికి ఎనిమిది రోజుల దూరం. రోజు పేరులోనే 'వీరత్వం' అనే మాట చేర్చారు. తుపాకీ పట్టినవాళ్ళకి అలా చోటు దొరికింది. మరి పట్టనివాళ్ళు? అరవై లక్షల మందిలో అత్యధికులు వాళ్ళే కదా? పిల్ల చెయ్యి వదలకుండా ఆ వరసలో నడిచిన తల్లిది వీరత్వమో కాదో ఆ తేదీ అడగనివ్వదు.

ఇలా అనగానే ఒక సలహా వస్తుంది: ఏదో పాత ఉపవాస దినంలో కలిపేస్తే పోలేదా? 1977లో ప్రధాని అయిన మెనాహెం బెగిన్ కూడా అదే అన్నాడు. రెండు దేవాలయాల పతనానికి ఏడ్చే ఆవ్ నెల 9వ తేదీలో కలపమన్నాడు. ఎంత సుఖమైన ఆలోచనో! ఆ పాత ఏడుపుకి ఒక వివరణ అతుక్కుని ఉంది: మన పాపాల వల్లే ఇదంతా జరిగిందని. యెరూషలేము గోడల గురించి ఎవరైనా అలా అనుకుంటే అనుకోనీ. ఆష్విట్జ్‌లో చంపిన పిల్లల పేర్లు ఆ వివరణ కింద చదవడానికి నాకైతే నోరు రాదు. కొత్త రోజు అక్కర్లేదనేవాళ్ళు, ఆ పిల్లలకి ఏ పాపం అంటగడతారో ముందు చెప్పాలి.

మూడో తేదీ ఒకటుంది. దాని గురించి తక్కువ మాట్లాడతారు. దేశం ఏర్పడిన కొద్ది నెలలకే అక్కడి ప్రధాన రబ్బీల సంస్థ టెబేతు నెల 10ని ఎంచుకుంది. బబులోను సైన్యం యెరూషలేముని ముట్టడించిన రోజుగా అది పాత ఉపవాసమే. ఏటా చనిపోయిన తిథినాడు దీపం పెట్టి కద్దిష్ ప్రార్థన చెప్పడం యూదుల్లో ఉంది, మన తద్దినం లాంటిది. తిథి తెలియకపోతే? రైలు పెట్టెలోకి ఎక్కించిన రోజు తెలుసు, తర్వాత ఏమైందో ఎప్పుడైందో తెలియదు. అలాంటివాళ్ళ కోసం టెబేతు 10న కద్దిష్ చెప్పుకోమన్నారు.

మా చిన్నతాత ఇరవై ఏళ్ళప్పుడు ఇంట్లో అలిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆయన్ని పెంచిన మా నాయనమ్మ ఏళ్ళ తరబడి చూసి చూసి, చివరికి ఒక మహాలయ అమావాస్యనాడు ఆయన పేరు కూడా చేర్చమంది. తిథి తెలియనివాళ్ళకి ఆ రోజే కదా. "ఉంటే తిట్టుకుంటాడు, లేకపోతే ఇన్ని నీళ్ళు తాగుతాడు" అంది. ఆ చావులకీ ఈ అలకకీ పోలికే లేదు, నాకు తెలుసు. తేదీ లేకపోవడం ఎంత బరువో మాత్రం ఆవిడని చూసి తెలుసుకున్నాను. అందుకే నా ఓటు టెబేతు 10కి. అది మతం నీడలో ఉంది, మతం అక్కర్లేనివాళ్ళు అటు రారు, ఒప్పుకుంటాను.

తేదీలు జరపడం అపచారం అనేవాళ్ళతో నాకు ఓపిక లేదు. ఆ 27నే శుక్రవారం పడితే గురువారానికీ, ఆదివారం పడితే సోమవారానికీ జరుపుతున్నారు, సబ్బాతుకి అడ్డు రాకుండా. సంఖ్యాకాండము తొమ్మిదో అధ్యాయంలో శవాన్ని ముట్టి మైలపడిన కొందరు మోషే దగ్గరికి వస్తారు. అందరూ పస్కా చేసుకుంటుంటే మేమెందుకు ఆగాలని అడుగుతారు. మోషే వాళ్ళని గద్దించడు. ఉండండి, దేవుణ్ణి అడిగి చెప్తానంటాడు. వాళ్ళకోసం నెల తర్వాత, రెండో నెల 14న, ఇంకో పస్కా వస్తుంది.

టీ అయ్యాక మిత్రుడికి ఈ కథ చెప్పాను. "అదీ పుట్టించిందేగా" అన్నాడు. అవునన్నాను. మీ ఇంట్లో తిథి తెలియనివాళ్ళు ఎవరూ లేరా అని అడిగాను. కాసేపు కప్పు వంక చూస్తూ కూర్చుని, "ఉన్నాడు, మా మేనమామ" అన్నాడు.