జమాఖర్చు: ఆట టిక్కెట్టు అంగడి పద్దులో చేరుతుందా?

ఎండాకాలం వచ్చిందంటే మన గుడిబండె, బాగేపల్లి, చింతామణి అంగళ్లలో రెండు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. ఒకటి మార్చి 31తో ముగిసే వ్యాపారపు లెక్క. రెండవది ఇంచుమించు ఆ రోజుల్లోనే మొదలయ్యే ఐపీఎల్ క్రికెట్టు పరుగుల లెక్క. ఈ రెండూ కలిసినచోట ఒక ప్రశ్న పుడుతూ ఉంటుంది. వ్యాపారం ఇచ్చే పెద్దమనిషిని బెంగళూరుకు తీసుకుపోయి ఆట చూపించామనుకోండి. ఆ టిక్కెట్ల సొమ్మును అంగడి ఖర్చుగా వ్రాసుకొని, ఆ మేరకు ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చునా? "ధారాళంగా వ్రాసుకో" అనేవారున్నారు. "అబ్బే, అది కూడదు" అనేవారూ ఉన్నారు. ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు.

ముందు చట్టం మాట చూద్దాం. మన దేశపు ఆదాయపు పన్ను చట్టంలో ఆట టిక్కెట్టును పేరు పెట్టి ఒప్పుకున్న సెక్షనూ లేదు, పేరు పెట్టి కాదన్న సెక్షనూ లేదు. 1961 చట్టంలో 37వ సెక్షను మొదటి ఉపవిభాగం ఒక జల్లెడ వంటిది. ఖర్చు సొంత ఖర్చు కాకూడదు. ఆస్తి సంపాదించే మూలధనపు ఖర్చు కాకూడదు. వ్యాపారం నిమిత్తం పూర్తిగా, కేవలం అందుకోసమే చేసినదై ఉండాలి. ఆ చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గాని ఈ జల్లెడ మారలేదు.

ఇందులో ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1961 చట్టం ముసాయిదాలో ఖర్చు "అవసరమైనదై" కూడ ఉండాలని చేర్చబోయి, ప్రజల ఆక్షేపణ మీద ఆ మాట మానుకున్నారు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 1979లో ససూన్ జె. డేవిడ్ కంపెనీ కేసులో గుర్తుచేసింది. కాబట్టి "ఈ ఖర్చు పెట్టకపోతే నీ వ్యాపారం ఆగిపోయేదా?" అని అధికారి అడగరాదు. అయితే "ఈ ఖర్చు ఎవరి కోసం పెట్టావు?" అని తప్పకుండా అడగవచ్చు. టిక్కెట్టు వ్యవహారమంతా ఈ రెండవ ప్రశ్న మీదనే నిలుస్తుంది.

విందు వినోదాల ఖర్చు మీద సర్కారుకు వెనుకటినుంచీ అనుమానమే. మొదట కంపెనీలకు, పిదప తక్కిన వర్తకులకు కూడ దీనిమీద పరిమితి పెట్టారు. 1970 ఫిబ్రవరి 28 తర్వాత దేశంలో చేసిన వినోద ఖర్చును కొన్నేళ్లు బొత్తిగా ఒప్పుకోలేదు. తర్వాత మళ్లీ పరిమితులు వచ్చాయి. ఆ నాటి లెక్కల తగాదాలోనే పటేల్ బ్రదర్స్ కేసు నడిచింది. పొరుగూరి నుండి వచ్చిన ఖాతాదారుకు పెట్టే మామూలు భోజనం వినోదం కాదు, వర్తక మర్యాద అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. చివరకు 1997 ఆర్థిక చట్టం ఆ పరిమితినే తీసివేసింది. 1998 ఏప్రిల్ నుండి వినోద ఖర్చుకు వేరే కొలత లేదు. పైన చెప్పిన జల్లెడ ఒక్కటే కొలత.

ఇక మన అంగళ్లకు వద్దాం. గుడిబండెలో ఒక ఎరువుల అంగడి ఉన్నదనుకుందాం. ఏడాదికి 90 లక్షల అమ్మకం. అందులో 60 లక్షలు బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చినవి. 30 లక్షలు రొక్కం. యజమాని పెద్ద పుస్తకాలు వ్రాయడు. పాత చట్టంలో 44ఎడి అనే సెక్షను కింద అంచనా లాభం చూపుతాడు. కొత్త చట్టంలోనూ ఆ సౌకర్యం ఉన్నది. బ్యాంకు రాబడి మీద 6 శాతం, అంటే 3 లక్షల 60 వేలు. రొక్కం మీద 8 శాతం, అంటే 2 లక్షల 40 వేలు. వెరసి లాభం 6 లక్షలు. ఈ యజమాని నలుగురికి టిక్కెట్టు 3,000 చొప్పున 12,000 రూపాయలు పెట్టి ఆట చూపించాడు. లెక్కలు చూసే బావమరిదిని అడుగుతాడు:

"ఏమప్పా, ఈ పన్నెండు వేలు ఏ పద్దులో వ్రాస్తావు?"

"పద్దు వెదికే పనే లేదు బావా. అన్ని ఖర్చులూ పోనే లాభం ఆరు లక్షలని మనమే ఒప్పుకుంటున్నాం కద. మళ్లీ ఖర్చెక్కడిది?"

బావమరిది చెప్పినదే నిజం. అంచనా పద్ధతిలో ఖర్చులన్నీ ముందే తీసివేసినట్లు లెక్క. అద్దె గాని, కూలి గాని, టిక్కెట్టు గాని వేరుగా తగ్గించరు. ఇంకొక మాట. 2025-26 సంవత్సరపు లెక్కకు కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉన్నది. ఇతర ఆదాయం లేని ఈ యజమాని కట్టవలసిన పన్నే లేదు. లేని పన్నును తగ్గించుకోవడానికి టిక్కెట్టు చీటీలు దాచుకోవడం ఎందుకు? మన ఊళ్లలోని చాలా చిన్న అంగళ్లకు ఈ ప్రశ్న ఇక్కడే ముగుస్తుంది.

చింతామణి టమాటా మండీలో మాత్రం కథ వేరు. కమీషను మీద, దళారీ మీద బ్రతికే వ్యాపారానికి ఆ అంచనా పద్ధతి వర్తించదు. మండీ యజమాని పుస్తకాలు వ్రాసి, రాబడిలో ఖర్చు తీసి లాభం చూపవలసిందే. పొరుగు రాష్ట్రం నుండి లారీలు పంపి సరుకు కొనే వర్తకుడు వచ్చాడనుకోండి. యజమాని ఐదు టిక్కెట్లు కొన్నాడు. ఒకటి ఆ వర్తకుడికి, ఒకటి తనకు, రెండు తన కొడుకులకు, ఒకటి భార్య తమ్ముడికి. వెరసి 15,000 రూపాయలు. అంతా "వ్యాపార ప్రచారం" అని ఒకే పద్దులో వ్రాస్తే అది చెల్లదు. వర్తకుడి టిక్కెట్టు, అతనికి తోడుగా కూర్చున్న యజమాని టిక్కెట్టు, ఈ 6,000 కు వాదన ఉన్నది. తక్కిన 9,000 ఇంటి ఖర్చు. కొడుకులు ఆట చూసినందువల్ల మండీకి బుట్టెడు టమాటా అదనంగా రాలేదు.

ఆ 6,000 కైనా దాఖలా కావాలి. టిక్కెట్టు ఎవరి పేర కొన్నదీ, వచ్చిన మనిషి ఎవరో, అతనితో ఆ నెలలో ఎంత వ్యాపారం జరిగిందో పుస్తకం చూస్తే తెలియాలి. స్టేడియం బయట ఎక్కువ ధర ఇచ్చి చేతిలో పెట్టించుకున్న టిక్కెట్టుకు రసీదు ఉండదు, రసీదు లేని ఖర్చుకు నోరు ఉండదు. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి రొక్కం చెల్లిస్తే అది అసలైన వ్యాపార ఖర్చైనా సాధారణంగా ఒప్పుకోరు. ఆధారం బొత్తిగా లేని ఖర్చు చూపడం, దొంగ పద్దు వ్రాయడం తప్పుడు నివేదన కిందికి వస్తాయి. దానివల్ల తగ్గిన పన్ను కట్టడమే గాక, దానికి రెట్టింపు దండన కూడ పడవచ్చు. రెండు మూడు వేల పన్ను మిగుల్చుకోబోయి దానికి మూడింతలు చెల్లించడం ఏ వర్తకుడికీ లాభసాటి బేరం కాదు.

టిక్కెట్టు పుచ్చుకున్నవారి సంగతీ ఉన్నది. వ్యాపారం వల్ల వచ్చిన ఉచిత లాభం పుచ్చుకున్నవాడి ఆదాయమే. 2022 జూలై 1 నుండి, ఒకరికి ఏడాదిలో ఇటువంటివి 20,000 రూపాయలకు మించి ఇస్తే 10 శాతం పన్ను ముందుగా కోయాలన్న నియమం వచ్చింది. ఆ యేటి 12వ సర్క్యులరులో ఉచిత టిక్కెట్టును ఉదాహరణగా చూపారు కూడ. అంతకు ముందటి యేటి రాబడి కోటి రూపాయలు మించని సొంత వ్యాపారికి ఈ బాధ్యత లేదు. ఇక ఆ టిక్కెట్టు లైసెన్సు చూసే అధికారికో, తూకం చూసే అధికారికో ఇస్తే అది ఖర్చు కాదు, లంచం. చట్టం నిషేధించిన పనికి పెట్టిన సొమ్ము ఏ పద్దులోనూ చేరదు. వైద్యులకు మందుల కంపెనీలు ఇచ్చే కానుకల విషయంలో సుప్రీంకోర్టు 2022లో అపెక్స్ లేబరేటరీస్ కేసులో ఈ సూత్రాన్నే గట్టిగా చెప్పింది.

టిక్కెట్టు మీద జీఎస్టీ కూడ తక్కువది కాదు. ఐపీఎల్ టిక్కెట్టు మీద 28 శాతంగా ఉండినది 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం అయింది. వెయ్యి రూపాయల టిక్కెట్టు 1,400 అవుతుంది. తాజా టమాటాకు జీఎస్టీ లేదు గనుక మండీవారికి ఈ పన్నును జమ కట్టుకోడానికి ఎదురు పన్నే లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు "అక్కడ వ్రాసుకుంటారే" అని చెబుతూ ఉండవచ్చు. అది పాత మాట. అక్కడ వ్యాపార చర్చతో కలిసిన ఆట టిక్కెట్టు ఖర్చులో సగం ఒప్పుకునేవారు. 2017లో చేసిన చట్టంతో 2018 నుండి అదీ పోయింది. బ్రిటనులో 1965 నుండే ఖాతాదారుల వినోదపు ఖర్చును సాధారణంగా ఒప్పుకోవడం లేదు. ఈ విషయంలో మన చట్టమే మెత్తన అనాలి. మెత్తన గనుకనే వ్రాసేవారి చేతిలో నిజాయితీ ఉండాలి.

ఆట మీద మక్కువ, అంగడి పేరు నలుగురికీ తెలియాలన్న కోరిక రెండూ ఉన్నవారికి ఇంకొక దారి ఉన్నది. ఊళ్లో కబడ్డీ పోటీ జరిగితే అంగడి పేరుతో ఒక బ్యానరు కట్టించండి. గెలిచిన జట్టుకు మీ అంగడి పేరు వ్రాసిన కప్పు ఇవ్వండి. రసీదు తీసుకోండి, బ్యానరు ఫోటో దాచండి. పుస్తకాలు వ్రాసే వ్యాపారికి అది ప్రకటన ఖర్చుగా చెల్లడానికి టిక్కెట్టు కంటె ఎన్నో రెట్లు బలం ఉన్నది. ఆ సొమ్ము మన పిల్లల ఆటకే పోతుంది. రాజకీయ పార్టీ సంచికలో ఇచ్చిన ప్రకటన మాత్రం చెల్లదు, జ్ఞాపకముంచుకోండి.

చివరగా పన్ను కంటె పెద్ద సంగతి ఒకటి. మన ప్రాంతంలో చాలా అంగళ్లు అన్నదమ్ముల భాగస్వామ్యంలో నడుస్తాయి. పెద్దవాడి కొడుకుల టిక్కెట్లు అంగడి పద్దులో పడితే సగం భారం తమ్ముడి మీద పడుతుంది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, నోటీసులో ఇంగ్లీషు నడిచే ఊళ్లు మనవి. ఆ నోటీసు అసలు రాకనే పోవచ్చు. తమ్ముడు మాత్రం పుస్తకం తెరుస్తాడు. టిక్కెట్టు సొమ్మును చూసి పైకి ఏమీ అనడు గాని, మరుసటి నెల తానూ ఒక ఇంటి ఖర్చును అంగడి పద్దులో వ్రాస్తాడు. అధికారి వేసే దండన కట్టితే తీరిపోతుంది. ఇంట్లో పడిన అనుమానానికి అటువంటి గడువేదీ లేదు.

కనుక పిల్లలతో ఆట చూడండి, సంతోషంగా చూడండి. ఆ టిక్కెట్టు మాత్రం మీ సొంత ఖాతాలో వ్రాయించండి.