ప్రాణం దక్కిన స్త్రీకి పని ఏదీ?

రొమ్ము తీయించుకుని క్యాన్సర్ నుంచి బయటపడిన స్త్రీని మళ్లీ పుట్టావనుకో అంటారు. (మగవాడి అవయవం గురించి ఇంత తేలిగ్గా మాట్లాడరు.) సరే, మళ్లీ పుట్టింది. ఆర్మూరులో ఏం చేసి బతకాలి? చంకలో గ్రంథులు తీసేస్తే చెయ్యి వాచే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. ఇక్కడ దొరికే పనులేమో పసుపు తవ్వడం, కొమ్ములు విరవడం, గంపలెత్తడం. కాదంటే పొగాకు దుమ్ములో కూర్చుని బీడీలు చుట్టడం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది, పోయిన కూలి ఊసెత్తదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలు చెప్పింది, ఈ చేతివాపు పేరే లేదు. 2025లో నిజామాబాద్‌లో పసుపు బోర్డు తెరిచారు. పంటకు ధర అడగడం న్యాయమే. ఆ పంట తవ్విన చేతికి ఫిజియోథెరపీ, తేలికపాటి పని, కోలుకునే నెలలకు కూలి కూడా మన సంఘాలు అదే గొంతుతో, అదే బోర్డు గుమ్మం ముందు అడగాలి.