ప్రతిజ్ఞ ఒకటి, బళ్ళు నాలుగు

ఉదయంపూట తెలుగునాట ఏ బడి ముందు నిలబడినా ఒకే దృశ్యం కనబడుతుంది. పిల్లలు వరుసలు కట్టి నిలబడతారు. ఒక పిల్లవాడో, పిల్లో ముందుకు వచ్చి, కుడిచేయి చాచి, ఒక్కొక్క వాక్యం చెబుతూ ఉంటే తక్కినవాళ్ళు అందుకుంటారు. ఈ దేశంలోని వాళ్ళందరినీ తోబుట్టువులుగా ఎంచుతామని ఆ పసివాళ్ళు రోజూ మాట ఇస్తారు. మాట ఇవ్వడం పూర్తికాగానే వరుసలు కదులుతాయి; చాచిన చేతులు సంచుల మీదికి పోతాయి; మళ్ళీ మర్నాటిదాకా ఆ మాటతో ఎవరికీ పని ఉండదు.

ఈ ప్రతిజ్ఞ ఏ ఢిల్లీ పండితుడో రాసినది కాదు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టి, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ ఉండిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో తెలుగులో రాశాడు. 1964లో బెంగుళూరులో చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దానిని దేశమంతటికీ సిఫారసు చేసింది. 1965 జనవరి 26 నుంచి అన్ని భాషల్లోనూ పిల్లలు చెబుతున్నారు. రాసినవాడి పేరు మాత్రం చాలాకాలం మన పాఠ్యపుస్తకాల్లోనే అచ్చు కాలేదు. ఆయన 1988లో కన్నుమూశాడు. మనుషులను గౌరవించమని రోజూ కోట్ల నోళ్ళచేత చెప్పించిన మాటకు కర్త ఎవరో చెప్పవలసిన మర్యాద కూడా మన విద్యాశాఖలకు అంతకాలం తోచలేదు. ఇది చిన్న సంగతే కావచ్చు. కాని మన బళ్ళు విలువలను ఏ తీరున నేర్పుతున్నాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఇప్పుడు మన పెద్దలకు ఒక కొత్త దిగులు పట్టుకున్నది. పిల్లల్లో విలువలు పడిపోతున్నాయట. కాబట్టి ప్రాథమిక పాఠశాలలోనే విలువల పాఠాలు పెట్టాలట. ఉత్తమ పౌరులను తయారు చేయాలట. సభల్లో, సంపాదకీయాల్లో, విద్యావిధాన పత్రాల్లో ఇదే పాట. దీనికి మన ఉపాధ్యాయ మిత్రులు కూడా తల ఊపుతున్నారు గనుక కొంచెం నిలదీసి అడగవలసి ఉన్నది. ఏ విలువలు పడిపోయాయి? ఎక్కడి నుంచి పడిపోయాయి?

పడిపోయాయి అన్నప్పుడు అవి ఒకప్పుడు పైన ఉండి ఉండాలి గదా. ఎప్పుడు? 1959లో కేంద్ర ప్రభుత్వం శ్రీప్రకాశ అధ్యక్షతన మత, నైతిక బోధన మీద ఒక కమిటీ వేసింది. ప్రజల హృదయాల మీద మతానికి పట్టు సడలిపోతున్నది, విద్యాలోకపు రుగ్మతలకు ముఖ్యకారణం అదేనని ఆ కమిటీ తేల్చింది. అంటే అప్పటికే విలువలు పడిపోయాయన్నమాట! ఆనాడు విలువలు లేని పిల్లలుగా లెక్కకు వచ్చినవాళ్ళే ఈనాడు తాతలై, వాలుకుర్చీలో కూర్చుని, ‘మా రోజుల్లో ఇలా లేదు’ అంటున్నారు.

ఇంకా వెనక్కి పోదాం. సతారాలో ఒక బడి. అందులో ఒక పిల్లవాడు గోనెపట్టా ఒకటి ఇంటినుంచి తెచ్చుకుని విడిగా కూర్చునేవాడు. ఆ పట్టాను బడి ఊడ్చేవాడు కూడా ముట్టుకోడు గనుక సాయంత్రం మళ్ళీ ఇంటికి తీసుకుపోవలసిందే. దాహమైతే కుళాయి తిప్పుకోవడానికి వీల్లేదు. జవాను వచ్చి తిప్పాలి. జవాను రాని రోజున దాహంతోనే ఉండిపోవాలి. తరువాత ఆ పిల్లవాడు అంబేద్కరు అయినాడు, రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడైనాడు. అది వేరే కథ. ఆ బడిలో విలువలు లేవని ఎవరనగలరు? ఉన్నాయి, నిక్షేపంగా ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి నీళ్ళు ఎవరు ముట్టరాదో ప్రతి పిల్లవాడికీ పాఠం లేకుండానే వచ్చు. పడిపోతున్నాయని బెంగపడేవాళ్ళు ఏ విలువల కోసం బెంగపడుతున్నారో ముందు చెప్పాలి.

విలువలు శాశ్వతమైనవంటారు. నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు తెలిసిన పుస్తకంతోనే జవాబిస్తాను. నీతికి మనవాళ్ళకు సుమతీ శతకాన్ని మించినది లేదు. అందులో స్త్రీల మీదా కరణాల మీదా ఉన్న పద్యాలను ఈనాడు చిన్నపిల్లల వాచకంలో వేయడానికి ఏ సంకలనకర్తా సాహసించడు. ఏరి, కొన్ని వేసి, కొన్ని దాచిపెడతాడు. ఆ ఏరడంలోనే ఉన్నది అంతా. నీతి మారిందనీ, మార్చినది మనుషులేననీ అతని కత్తెర ఒప్పుకుంటూనే ఉన్నది. నోరు మాత్రం ఒప్పుకోదు.

ఇక ఉత్తమ పౌరుడి సంగతి. మన బడిలో ఉత్తముడంటే ఎవరు? చేతులు కట్టుకున్నవాడు, ఎదురు చెప్పనివాడు, అడగనివాడు. ప్రతిజ్ఞలో తోబుట్టువుల మాట ఉన్నది, ప్రజల శ్రేయస్సే తన ఆనందమన్న మాట ఉన్నది, పెద్దలను గౌరవించడమన్న మాట కూడా ఉన్నది. మనం మొదటి రెంటినీ గాలికి వదిలి, మూడవదాన్ని బెత్తంతో అమలు చేశాం. రాజ్యం కూడా ఇంతకు భిన్నంగా ప్రవర్తించలేదు. పౌరుల ప్రాథమిక విధులు రాజ్యాంగంలోకి ఎప్పుడు వచ్చాయి? 1976లో, నలభైరెండవ సవరణతో. అంటే అత్యవసర పరిస్థితిలో, హక్కులు అడిగినవాళ్ళు జైళ్ళలో ఉన్న కాలంలో. ఆ విధులు చెడ్డవని నేననను. శాస్త్రీయ దృష్టిని పెంచుకోవాలన్నది కూడా వాటిలో ఒకటే, అది బంగారం వంటి మాట. కాని హక్కుల నోరు నొక్కి విధులను వల్లింపజేసే అలవాటు మన పాలకులకు ఎక్కడిదో గుర్తుంచుకోవాలి.

ఒకే పాట అందరిచేతా పాడిస్తే అదే ఐక్యత అనుకునే భ్రమ ఇంకొకటి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడినుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు చేసిన నేరం, జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడి, తమ మతవిశ్వాసం కారణంగా నోరు మాత్రం మెదపకపోవడం. మన తెలుగువాడే అయిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి 1986 ఆగస్టులో సుప్రీంకోర్టునుంచి తీర్పు చెబుతూ ఆ పిల్లలను మళ్ళీ బడిలో చేర్చుకోమన్నాడు. సహనం మన సంప్రదాయంలోనూ రాజ్యాంగంలోనూ ఉన్నదని, దాన్ని పలచన చేయవద్దని హితవు చెప్పాడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో ఈ తీర్పును ఒక్కసారి చదివిస్తే, విలువల మీద పది ఉపన్యాసాల పెట్టు. అందరం ఒకటే చెప్పడం వేరు, చెప్పనివాడితో కలిసి కూర్చోగలగడం వేరు. రెండవదే కష్టం, బడిలో నేర్పవలసిందీ అదే.

పిల్లవాడు నిజంగా పౌరనీతిని ఎక్కడ నేర్చుకుంటాడు? పుస్తకంలో కాదు. తరగతి ఊడవడానికి చీపురు ఎవరి చేతికి ఇస్తారో అక్కడ. ఆడపిల్లకే ఇస్తే ఒక పాఠం. ఫలానా వీధి పిల్లలకే ఇస్తే ఇంకొక పాఠం. మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అక్కడ. ఎవరిని పేరుతో పిలుస్తారో, ఎవరిని ఒరే అంటారో అక్కడ. అన్నిటికంటే ముఖ్యంగా మధ్యాహ్నం పంక్తిలో. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్ళలో వండిన అన్నమే పెట్టాలని ఉత్తరువు చేసింది. 2004లో వంటవాళ్ళుగా దళితులకు ప్రాధాన్యం ఇవ్వమన్నది. ఆకలి తీరడం ఒకటి, పొయ్యి దగ్గర అంటు పోవడం ఇంకొకటి. ఈ రెండవ పని ఏ నీతిపాఠమూ చేయలేనిది.

ఏమైంది? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సూఖీఢాంగ్‌లో ఒక ప్రభుత్వ పాఠశాల. దళిత స్త్రీని వంటకు పెట్టారు. అగ్రవర్ణాల పిల్లలు ఆమె వండినది ముట్టమన్నారు. అధికారులు ఏదో నిబంధన పేరు చెప్పి ఆమెను తొలగించారు. అప్పుడు దళిత పిల్లలు, ఆమె స్థానంలో వచ్చిన అగ్రవర్ణ స్త్రీ వండినది తాము తినమన్నారు. దేశమంతా గగ్గోలు పుట్టిన తరువాతగాని ఆమెకు మళ్ళీ పని దొరకలేదు. వాళ్ళంతా ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు. అప్పటికే ప్రాథమిక విద్య పూర్తి చేసుకున్నవాళ్ళు. ఎన్ని వందలసార్లు చేయి చాచి తోబుట్టువులమని చెప్పి ఉంటారో లెక్క వేసుకోవచ్చు. ఆ రెండు జట్లలో ప్రతిజ్ఞను నిలబెట్టినవాళ్ళు ఎవరు? క్రమశిక్షణ కొలబద్దతో చూస్తే ఇద్దరూ అన్నం మానినవాళ్ళే, ఇద్దరూ పెద్దల మాట విననివాళ్ళే. ఇటువంటి చోట తటస్థంగా నిలబడి ‘కలిసిమెలిసి ఉండండర్రా’ అని చెప్పే పంతులు విలువలు నేర్పడం లేదు, తప్పించుకుంటున్నాడు.

కాలేజీ కుర్రవాళ్ళు ఈ తోబుట్టువుల మాట మీద ఒక హాస్యం ఆడుతూ ఉంటారు, అందరూ తోబుట్టువులైతే పెళ్ళి ఎవరిని చేసుకోవాలని. నవ్వుకోవలసిందే. కాని తోబుట్టువులం కాకుండా ఉండడానికి మనం ఎంత జాగ్రత్తగా కులం వెతికి మరీ పెళ్ళిళ్ళు చేసుకుంటున్నామో ఆ హాస్యం ఆడేవాళ్ళకు స్ఫురించదు.

సరే, ఇదంతా ఒకే బడిలో అన్ని కులాల పిల్లలూ ఉన్నప్పటి మాట. అసలు ఒకే బడి ఎక్కడున్నది? ఈనాడు ఏ మాదిరి పట్నమైనా చూడండి. కూలివాళ్ళ పిల్లలకు సర్కారు బడి. ఆటో తోలేవాడు, కొట్టు గుమాస్తా అప్పుచేసి పంపే ఇంగ్లీషు మీడియం కాన్వెంటు ఒకటి. ఉద్యోగస్తుల పిల్లలకు కార్పొరేటు బడి. వాటి మీద, పేరు చివర ‘అంతర్జాతీయ’ అని తగిలించుకున్నది ఇంకొకటి. నాలుగింటిలోనూ అదే ప్రతిజ్ఞ. ఒక బడి పిల్లవాడు రెండవ బడి పిల్లవాణ్ణి పసుపుపచ్చ బస్సు కిటికీలోంచి తప్ప చూడడు. చూడని తోబుట్టువులు! ఉమ్మడి బడి లేనిచోట ఉమ్మడి విలువలు ఏ చెట్టుకు కాస్తాయి?

ఇది నా సొంత తెలివి కాదు. 1966లో కొఠారీ కమిషన్ చెప్పిందే. తరగతి గదుల్లోనే దేశ భవితవ్యం తయారవుతున్నదన్న దాని మొదటి భావాన్ని మనం గోడల మీద రాసుకున్నాం. అదే నివేదిక, ఏ వాడ పిల్లలంతా ఆ వాడ బడికే పోవాలని, ధనికుల బడి, పేదల బడి అన్న తేడా పోవాలని చెప్పింది. దాన్ని మాత్రం గోడ మీద రాసుకోలేదు. 1968 విద్యావిధానం ఉమ్మడి పాఠశాల పద్ధతిని ఒప్పుకున్నది. 1986 విధానం మళ్ళీ ఒప్పుకున్నది. ఒప్పుకుంటూ ఉండగానే బడి వ్యాపారమైపోయింది. చివరకు 2009 విద్యాహక్కు చట్టం, ప్రైవేటు బళ్ళలో మొదటి తరగతిలో నాలుగవవంతు సీట్లు పేదపిల్లలకు ఇవ్వాలన్న చిన్న ఊరటతో సరిపెట్టింది. అదైనా ఆంధ్రప్రదేశ్‌లో 2022 దాకా మొదలు కాలేదు. ఆ చట్టం అమలులోకి వచ్చిన నాడు పుట్టిన పిల్లవాడు అప్పటికి ప్రాథమిక పాఠశాల దాటిపోయాడు.

ఇంతవరకు పాలకులను తిట్టాను. అది సులభం, పైగా మన పత్రికలో అందుకు చప్పట్లు కూడా పడతాయి. కాని ఇక్కడ ఆగితే నేనూ ఆ వాలుకుర్చీ తాతగారి సరసన చేరినవాణ్ణే. మనలో, అంటే అభ్యుదయమని సంతకం పెట్టినవాళ్ళలో, పిల్లలను సర్కారు బడికి పంపుతున్నవాళ్ళు ఎందరు? సర్కారు బడిలో జీతం తీసుకుంటూ, సొంత పిల్లలను ప్రైవేటు బస్సెక్కించే ఉపాధ్యాయులు ఎందరు? నా కూతురు ఏడేళ్ళది. మా వీధి చివర సర్కారు బడి ఉన్నది. దాన్ని దాటుకుని రోజూ మూడు మైళ్ళు పోయి ప్రైవేటు బడిలో చదువుతున్నది. ఎందుకని మీరు అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. ఇద్దరే పంతుళ్ళు, ఐదు తరగతులు. మరుగుదొడ్డికి నీళ్ళు లేవు. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. అన్నీ నిజమే. కాని మా వీధిలో మాట చెల్లుబడి అయ్యే నాబోటివాళ్ళు పది ఇళ్ళవాళ్ళం ఆ బడికి పిల్లలను పంపి ఉంటే, నీళ్ళు లేని మరుగుదొడ్డి ఎన్ని నెలలు అలా ఉండేది? పంతుళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళా? మేము వదిలేశాం గనుక అది అలా ఉన్నది. అది అలా ఉన్నది గనుక వదిలేశామని మేము చెప్పుకుంటున్నాం.

2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు, ఖజానానుంచి జీతం తీసుకునేవాళ్ళంతా తమ పిల్లలను సర్కారు ప్రాథమిక బడికే పంపాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అధికారులు కంగారుపడ్డారు. ఆ ఆదేశం కాగితం మీదనే ఉండిపోయింది. మన ఉపాధ్యాయ సంఘాలు జీతాల మీద, పింఛను మీద ధర్నాలు చేస్తాయి; చేయవలసిందే, నేనూ వెళతాను. కాని ఆ తీర్పును మన రాష్ట్రాల్లో అమలు చేయమంటూ ఎవరైనా జెండా ఎత్తగా నేను చూడలేదు. ఎత్తితే మొదట మన ఇళ్ళకే తగులుతుంది మరి.

కార్యక్రమం ఏమిటని అడిగే మిత్రులు ఉంటారు. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు తెలుగు నీతులు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు. వాళ్ళ భాషలో పుస్తకాలు రాశాడు. వాళ్ళకు బడి పెట్టాడు. మనం కనీసం పిల్లల పంక్తిలో కూర్చుని అదే అన్నం తినవచ్చు. చీపురు వంతు మగపిల్లలకూ, పంతుళ్ళకూ కూడా వేయవచ్చు. వారానికొకసారి పిల్లలచేత సభ పెట్టించి, పంతులు మీద ఫిర్యాదు కూడా చెప్పనివ్వవచ్చు. అది వినగలిగిన పంతులు దొరకడమే కష్టం.

వచ్చే జిల్లా సభలో నేనొక తీర్మానం పెట్టబోతున్నాను. సంఘ సభ్యులు తమ పిల్లలను ఏ బడికి పంపుతున్నారో ఎవరికి వారు లేచి చెప్పాలి. మొదట నేను చెబుతాను. జూన్‌లో బళ్ళు తెరిచేనాటికి ఆ జవాబు మారి ఉండాలని ఇంట్లో మాట్లాడుతున్నాను. ఇంకా తెగలేదు.